831, బేగం బజార్

కవిత్వం కూడు పెట్టదని అందరికీ తెలుసు. మరి కవిత్వానికి కూడు పెట్టిందెవరు? టోకు అంగళ్ల మధ్య ఒక పాత చిరునామా వెతుక్కుంటూ వెళ్తే తేలిన లెక్కలివి.

బేగం బజార్‌లో స్టీలు సామాను కిలోల లెక్కన అమ్ముతారు. గిన్నె నునుపు, మూత బిగువు, అడుగు మందం ఎంత సేపైనా చూసుకోవచ్చు. చివరికి అది తక్కెడ ఎక్కాల్సిందే. తూకమయ్యాక కొట్టు ముందు చిన్న స్టూలు మీద కూర్చున్న కుర్రాడి దగ్గరికి పంపుతారు. వాడి చేతిలో పెన్సిలంత మిషను ఉంటుంది. పేరు అడుగుతాడు, గిన్నెను తొడల మధ్య బిగించుకుంటాడు, జుయ్యిమని అక్షరాలు చెక్కేస్తాడు. ఆ పనికి డబ్బులు తీసుకోరు. సామాను కొన్నవాళ్లకు పేరు ఊరికే.

మా అమ్మకు ఈ బజారంటే గురి. ఇంట్లో ఏ శుభకార్యం వచ్చినా భువనగిరి నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చి, సాయంత్రానికి రెండు గోనె సంచులతో ఇల్లు చేరేది. "పేరు లేని గిన్నె ఊళ్లె పెండ్లికిస్తే మల్ల మన ఇంటి మొఖం చూడదు బిడ్డా" అనేది. అందుకే మా ఇంట్లో చెంచాల మీద కూడా నాన్న పేరే. అచ్చులో నా పేరు చూసుకోవడానికి చాలా ముందే, గిన్నె అంచు మీద మా ఇంటి పేరు చదువుకుంటూ పెరిగాను.

ఈసారి నేనొచ్చింది మాత్రం గిన్నెల కోసం కాదు. ఆ మధ్య ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే, పోటీ పరీక్షల గైడ్ల కింద నలిగిన హిందీ పత్రిక ఒకటి దొరికింది. పేరు 'కల్పన'. 1960ల నాటి సంచిక. పుటలు పసుపుబారాయి గాని అచ్చు చెక్కుచెదరలేదు. అమ్మేవాడు చేతిలో దాని బరువు ఒకసారి చూసి ముప్పై అన్నాడు. ఇరవైకి ఇచ్చాడు. ఇంటికొచ్చి హిందీ కూడబలుక్కుని చదువుతుంటే చిరునామా కంటబడింది: 831, బేగం బజార్, హైదరాబాద్.

మరోసారి చదివాను. ఎండుమిర్చి, జీడిపప్పు, ఇత్తడి బిందెలు, ప్లాస్టిక్ బకెట్లు, పతంగుల మాంజా అమ్మే బజార్లోంచి సాహిత్య పత్రికా! అదీ అలాంటిలాంటి పత్రిక కాదు. ఆధునిక హిందీ కవిత్వం చరిత్ర రాసేవాళ్లెవరూ పక్కన పెట్టలేని పత్రిక. కాశీలోనో, ప్రయాగలోనో, ఢిల్లీలోనో కాదు, ఇక్కడ, మన అఫ్జల్‌గంజ్ బస్టాండుకు కూతవేటు దూరంలో 1949లో పుట్టి 1970ల చివరిదాకా నడిచింది. ఈ ఊళ్లో పాతికేళ్లుగా రాతపని చేసుకుంటూ బతుకుతున్న నాకు ఆ సంగతి తెలియదు. సిగ్గనిపించి ఆఫీసుకు సెలవు పెట్టి బయల్దేరాను.

831 దొరకలేదు. ఇక్కడి తలుపుల మీద ఇప్పుడన్నీ 14తోనో 15తోనో మొదలై, రెండు గీతలు దాటాక గాని పూర్తికాని నెంబర్లు. ఫీల్‌ఖానా మలుపు దగ్గర యాలకులు అమ్మే పెద్దాయన్ని అడిగితే కళ్లజోడు పైకి తోసి, "వో పురానా నెంబర్ హై సాబ్. కిస్‌కో మిల్‌నా హై?" అన్నాడు. ఎవరిని కలవాలో చెబితే నవ్వుతాడని చెప్పలేదు.

కలవాల్సిన మనిషి కల్పన పెట్టిన బదరీవిశాల్ పిత్తీ. 2003లో పోయారు.

నిజాం అలీఖాన్ భార్య హుమ్దా బేగం వర్తకులకిచ్చిన నేల మీద వెలిసింది కాబట్టి ఇది బేగం బజార్ అయిందంటారు. గోసాయిలు, మార్వాడీలు ఇక్కడ కొట్లతో పాటు కోఠీలు కట్టుకున్నారు. వడ్డీకి డబ్బు తిప్పారు. దర్బారుకే అప్పులిచ్చిన సాహుకార్లు ఈ సందుల్లో కాపురమున్నారు. అలాంటి సంపన్న మార్వాడీ కుటుంబంలో 1928లో పుట్టిన కుర్రాడు ఇరవై ఒకటో ఏట గల్లాపెట్టె ముందు కూర్చోవలసింది పోయి, పత్రిక పెట్టాడు. పైగా సోషలిస్టు. రామమనోహర్ లోహియా శిష్యుడు. లోహియా రచనలు, ప్రసంగాలు అచ్చు వేయించడం జీవితాంతం మోసిన బరువు. 1967లో ఇదే వ్యాపారుల గడ్డ మీద, మహారాజ్‌గంజ్ నియోజకవర్గం నుంచి సోషలిస్టుగా గెలిచి శాసనసభకు వెళ్లాడు. సేటు కొడుకు సేట్లకే సమసమాజం గురించి చెప్పి ఓట్లు అడగడమంటే, ఆ ఎన్నికల ప్రచారం చూసి తీరాల్సిందే అనిపిస్తుంది.

సాహిత్య పత్రిక జమాఖర్చుల పుస్తకంలో ఖర్చు వైపు రాతకు అంతుండదు, జమ వైపు ఎప్పుడూ తెల్లకాగితమే. మూడు దశాబ్దాల పాటు ఆ ఖర్చును ఒక వ్యాపార కుటుంబం డబ్బు భరించింది. ఈ మాట చెప్పుకోవడానికి సాహిత్యకారులం మొహమాటపడతాం. పత్రిక విలువల గురించి వ్యాసాలు రాస్తాం, కాగితం కొన్నదెవరో రాయం. నేను మాట్లాడదలచుకున్నది ఆ కాగితం గురించే.

పాటలు కొంటారా, పాటలు

1950ల మొదట్లో ఈ పత్రిక సంపాదకవర్గంలో పనిచేయడానికి మధ్యప్రదేశ్ నుంచి ఒక కవి హైదరాబాద్ వచ్చాడు. భవానీప్రసాద్ మిశ్ర. గాంధేయవాది, 1942లో జైలుకెళ్లినవాడు. ఇక్కడికి రావడానికి ముందు మద్రాసులో సినిమా వాళ్లకు రాశాడు, డబ్బు అవసరమై. ఆ అనుభవం కడుపులో పెట్టుకుని రాసిన 'గీత్‌ఫరోష్' అనే కవితతోనే దేశమంతటా తెలిశాడు. 1951లో అజ్ఞేయ సంకలించిన 'దూస్‌రా సప్తక్'లో అది వచ్చింది. వీధి వీధి తిరిగే చీరల వ్యాపారిలా ఒక కవి మూట విప్పి రకరకాల పాటలు చూపించి బేరం పెట్టడమే అందులో సంగతి. పుట్టుకకో రకం, చావుకో రకం, పొద్దుటికొకటి. నచ్చకపోతే మరో రకం చూపిస్తానంటాడు. చదువుతుంటే నవ్వొస్తుంది, కాసేపటికి ఆ నవ్వు గొంతులో అడ్డం పడుతుంది. సినిమా వాళ్లను తిట్టలేదు, డబ్బును తిట్టలేదు. తనను తానే బజార్లో నిలబెట్టి చూసుకున్నాడు.

పాటల మూట విప్పిన కవి చివరికి ఉద్యోగానికి చేరింది దేశంలోని పెద్ద టోకు బజార్లలో ఒకదానికి! ఈ వీధుల్లో నడుస్తూ ఆయన ఏమనుకునేవాడో. హమాలీలు "హటో హటో" అని అరుస్తూ బస్తాల బండి తోసుకొస్తుంటే గోడకు నక్కి దారి ఇచ్చే ఉంటాడు. అయితే బేరం మాత్రం మారింది. మద్రాసులో ఆయన కవిత్వాన్నే అడిగారు, వాళ్ల కొలతకు కత్తిరించి ఇమ్మని. బేగం బజార్‌లో అడిగింది ఆయన పనిగంటలు. ఇతరుల కవిత్వం చదివి, ఏరి, దిద్ది అచ్చుకు పంపే పని. కవిత్వం ఆయన దగ్గరే ఉండిపోయింది. తర్వాత రేడియోలో, ఆపైన గాంధీ సంపూర్ణ రచనల సంపుటాల పనిలో కూడా ఆయన అమ్మింది సమయాన్నే. ఎమర్జెన్సీలో రోజూ కవితలు రాస్తూ కూర్చున్నాడంటే, అమ్మకుండా దాచుకున్నది అలాగే మిగిలి ఉండబట్టి.

ఇంచుమించు అదే రోజుల్లో అదే మద్రాసులో మన శ్రీశ్రీ ఏం చేస్తున్నాడు? 1950లో 'మహాప్రస్థానం' పుస్తకంగా వచ్చింది. ఆ ఏడాదే 'ఆహుతి' విడుదలైంది. హిందీ చిత్రానికి తెలుగు మాటలూ పాటలూ అతికిన సినిమా. తెరమీది హిందీ పెదవులకు తెలుగు అక్షరాలు సరిపెట్టే ఆ కొత్త విద్యలో మనవాళ్లలో ఆద్యుడు మహాకవే. పెదవి మూసుకున్నచోట ప, బ, మ పడాలి, తెరుచుకున్నచోట అ, ఆ. చేసి చూస్తే గాని ఆ కష్టం తెలియదు. శ్రీశ్రీ డబ్బింగులు రాశాడని ముక్కు విరిచేవాళ్లను నేనెరుగుదును. వాళ్లలో చాలామందికి ఒకటో తారీఖున జీతం ఠంచనుగా పడేది.

పొలం లెక్క ఎవరూ చెప్పరు

ఈ విషయం ఎత్తగానే మనకు పోతన గుర్తొస్తాడు. భాగవతాన్ని రాజులకు అమ్ముకోలేదు, నాగలి పట్టాడు. శ్రీనాథుడు కనకాభిషేకాలు చేయించుకుని చివర్లో అప్పులపాలయ్యాడు. చిన్నప్పటి నుంచీ మాస్టార్లు ఈ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి ఎవరు గొప్పో చెప్పమంటారు. నాకెప్పుడూ ఒకటే సందేహం. పోతనకు పొలం ఉంది కదా? ఎన్ని ఎకరాలు, చెరువు కిందదా, వానమీద ఆధారపడిందా? కౌలా, సొంతమా? కథ చెప్పేవాళ్లెవరికీ ఆ లెక్క అక్కర్లేదు. పొలం లేని పోతన ఏం చేసేవాడన్నది అడిగితే పాఠం పాడైపోతుంది.

తెలుగులో ఆ పొలాన్ని సీసాలో పోసి అమ్మినవాడు కాశీనాథుని నాగేశ్వరరావు. 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టాడు. సంగీత కచేరీల్లో ఉచితంగా పంచి అలవాటు చేశాడు. తలనొప్పి ఉన్న దేశం కాబట్టి అది నిలబడింది. ఆ డబ్బు 1908లో ఆంధ్రపత్రిక అయింది, 1924లో 'భారతి' అయింది, ఆంధ్ర గ్రంథమాల అయింది. భారతిలో పేరు పడితే చాలునని రచయితలు తపించిన కాలం దశాబ్దాల తరబడి సాగింది. ఆ తపనకంతా అడుగున ఉన్నది పచ్చటి ఘాటైన లేపనం. నుదుట రాసుకున్న ప్రతి కూలీ, ప్రతి గుమాస్తా తనకు తెలియకుండానే తెలుగు పరిశోధనకు చందా కట్టాడు. 1991లో భారతి ఆగిపోయింది. అమృతాంజనం ఇప్పటికీ మందుల షాపుల్లో దొరుకుతోంది.

అమృతాంజనం వెనకుంటే భారతి, పిత్తీల గల్లా వెనకుంటే కల్పన. వెనక ఏదీ లేనివాడి మాటేమిటి?

వట్టికోట ఆళ్వారుస్వామి 1915లో నల్లగొండ జిల్లా చెరువు మాదారంలో పుట్టాడు. చదువు సాగలేదు. ఇళ్లల్లో వంట చేశాడు. హోటల్లో సర్వరుగా కాఫీలు అందించాడు. గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. వంటా వడ్డనా ఎంత పాతవో, వాటితో అక్షరాన్ని పోషించుకోవడమూ అంతే పాత పద్ధతి. చాలామంది అక్కడే ఆగిపోయి, పగటి పనిని తిట్టుకుంటూ రాత్రిపూట రాసుకుంటారు. ఆళ్వారుస్వామి అలా ఆగలేదు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల మొదలుపెట్టాడు. ఆ ఏడాదే పోయిన నాగేశ్వరరావు బిరుదు 'దేశోద్ధారక'. లక్షల అమృతాంజనం సీసాలు అమ్మినాయన పేరుతో, జేబులో ఏమీ లేనాయన ప్రచురణ సంస్థ! పెట్టుబడి లేకపోయినా పేరైతే పెద్దదే పెట్టుకున్నాడు.

నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం అచ్చు వేయడం ఒక ఎత్తు, అమ్మడం మరో ఎత్తు. కొట్లు లేవు, కొనే అలవాటు లేదు, పైగా పోలీసుల కన్ను. ఆళ్వారుస్వామి పుస్తకాల మూట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగాడు. మిశ్ర కవితలో మూట ఎగతాళికి కట్టింది. ఈయన నెత్తి మీదిది నిజం మూట, దారం ఊడిపోతే కింద పడేది. చవక ధరల పుస్తకాలు. ఒక ఊళ్లో అమ్ముడైన వాటి డబ్బుతో తర్వాతి అచ్చు. బేగం బజార్ సేటెవరైనా ఆయన ఖాతా చూస్తే తల పట్టుకునేవాడు. కాని తిప్పడం అనే విద్య మాత్రం సేట్లదే. ఉన్న కాస్త సొమ్మును నిలవ ఉంచకుండా తిప్పుతూనే ఉండాలి.

జైళ్లు వచ్చాయి. నిజామాబాద్ జైల్లో దాశరథి ఆయన సహచరుడు. 1949లో వచ్చిన 'అగ్నిధార'ను దాశరథి ఆయనకే అంకితమిచ్చాడు. కావ్యాన్ని రాజుకిచ్చి అగ్రహారం పుచ్చుకునే సంప్రదాయంలో పుట్టిన భాష మనది. పుస్తకాలు నెత్తిన మోసి అమ్ముకునే మనిషికి ఒక మహాకవి కావ్యం అంకితమైతే ఏం ముడుతుంది? దాశరథికి ఏమీ ముట్టలేదు. ఆ అంకితం గురించి మన సాహిత్య చరిత్రలు ఒక వాక్యం రాసి దాటేస్తాయి. నాకైతే పోతన కథకంటే ఇదే పెద్ద కథ.

తీరిక దొరికాక సొంత రాత మొదలుపెట్టాడు. 'జైలు లోపల' కథలు, 1955లో 'ప్రజల మనిషి'. తర్వాత 'గంగు' సగంలో ఉండగా 1961 ఫిబ్రవరిలో చనిపోయాడు. నలభై అయిదేళ్లు. ఇతరుల పుస్తకాలు మోయడంలో పోయిన ఏళ్లలో సొంత నవలలు ఇంకెన్ని వచ్చేవో. ఈ లెక్క కూడా రాసిపెట్టుకోవాలి. సేవ అన్న మాటతో దీన్ని కప్పేయడం నాకు నచ్చదు.

గోడకు కాదు, ఊరికి

మళ్లీ మన సందుకొద్దాం. కల్పనకు బొమ్మల సంగతి చూడటానికి 1951లో వచ్చినవాడు జగదీశ్ మిత్తల్. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకున్న చిత్రకారుడు. జాగీర్లు రద్దయి, పాత దేవిడీల్లోని సామాను ఒక్కొక్కటే బయటికొస్తున్న రోజులవి. మిత్తల్‌కు పెద్ద సంపాదన లేదు, కన్ను ఉంది. భార్య కమలతో కలిసి దక్కనీ చిత్రాలు, బిద్రీ పాత్రలు, నకాశీ పటాలు కొంటూ పోయాడు. తమ బొమ్మలు తగ్గించుకుని ఇతరుల బొమ్మలు దాచారు. 1976లో ఆ సేకరణనంతా ట్రస్టుకు రాసిచ్చారు. అందులో ఒక్క చిత్రం అమ్మినా మేడ కట్టుకునేవారని ఊళ్లో అందరూ అనేవారు. అమ్మలేదు. 2025లో, నూరేళ్లకు దగ్గరలో మిత్తల్ వెళ్లిపోయారు.

పిత్తీ స్నేహితుల్లో ఇంకొకాయన ఎం.ఎఫ్. హుసేన్. ఆళ్వారుస్వామి పుట్టిన 1915లోనే పుట్టాడు. బొంబాయిలో సినిమా హోర్డింగులు గీసి, పిల్లల గదులకు సామాను డిజైన్ చేసి బతికినవాడు. ధనవంతుల గోడలకు గీస్తున్నావు సరే, రామాయణం గీసి ఊళ్లకు తీసుకుపో అని లోహియా ఆయనకు చెప్పింది హైదరాబాద్‌లోనే. హుసేన్ పిత్తీ ఇంట్లో ఉండి ఏళ్ల తరబడి నూటయాభై దాకా రామాయణ చిత్రాలు గీశాడు. అప్పుడు తన చేతిలో చిల్లిగవ్వ లేదని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. ఎడ్లబండ్ల మీద వాటిని చుట్టుపక్కల ఊళ్లకు తీసుకెళ్లి చూపించారు. ఆ తర్వాత ఆయన కాన్వాసు ధర ఎక్కడికి పోయిందో లోకానికి తెలుసు. బండెక్కిన బొమ్మలకు మాత్రం టికెట్టు పెట్టలేదు.

ఇంకొక్కటి చెప్పి ఈ సందులోంచి బయటికొస్తాను. 1964 నవంబరు కల్పనలో ఒక దీర్ఘ కవిత వచ్చింది. 'అంధేరే మే'. రాసిన గజానన్ మాధవ్ ముక్తిబోధ్ అప్పటికి రెండు నెలల కిందటే చనిపోయాడు. బడిపంతులుగా, పత్రికల్లో, చివరికి రాజ్‌నంద్‌గావ్ కాలేజీలో, చాలీచాలని జీతాల మీద బతికాడు. ఇల్లు గడవడానికి రాసుకున్న చరిత్ర పాఠ్యపుస్తకాన్ని 1962లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. బతికుండగా తన కవితా సంపుటి ఒక్కటి కూడా చూసుకోలేదు. హిందీలో ఆ శతాబ్దపు గొప్ప కవితల్లో ఒకటి అని అందరూ ఒప్పుకునే ఆ కవిత మొదట అచ్చయింది ఎండుమిర్చి ఘాటు మధ్యన. కూడు కోసం రాసింది నిషేధమైంది. కూడు పెట్టనిది ఇక్కడికి చేరి మిగిలింది. దీనికి ఏ తూకంరాయి వేయాలో నాకు తెలియదు.

పిత్తీ లాంటివాళ్లు ఇప్పుడెక్కడున్నారని బాధపడటం సులువు. ఆ ఏర్పాటుకూ లోపం ఉంది. ఒక్క ఇంటి గల్లా మీద నడిచే పత్రిక, ఆ ఇల్లు అలిసిన రోజున ఆగుతుంది. ఒక్క నెత్తి మీద నడిచే గ్రంథమాల, ఆ మనిషి పోయిన రోజున కుంటుతుంది. నడుమ మిగిలినవాళ్లం మాలాంటివాళ్లం. బ్యాంకులో, బళ్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీలో, పత్రికాఫీసులో గంటలు అమ్ముకుని, మిగిలిన గంటలో కథ రాసుకునేవాళ్లం. ఇప్పుడు యాభైమంది స్నేహితులు తలా ఇంత వేసుకుని మూడొందల కాపీలు వేయించుకుంటున్నారు. ఆవిష్కరణ సభలో కవర్లో పెట్టి చేతికిస్తారు. కొనమని అడగరు, అడగడం తప్పనుకుంటారు. ఆళ్వారుస్వామి ఆ తప్పు రోజూ చేశాడు.

నా సంగతీ చెప్పాలి. పగలు నేను ప్రకటనలకు మాటలు రాస్తాను. ఒకసారి ప్రెషర్ కుక్కర్‌కు రాసిన రెండు లైన్లు ఊళ్లో హోర్డింగులెక్కాయి. నా కథల పుస్తకం చదవని బంధువులు ఆ రెండు లైన్లు నాకే అప్పజెప్పారు. అప్పట్లో అవమానంగా తోచింది. ఇప్పుడు అంత లేదు. ఆ లైన్లలో నేను లేను, నా మంగళవారం మధ్యాహ్నం మాత్రం ఉంది. అది అమ్మాను. ఎప్పుడైనా కుక్కర్ వాక్యం తూగు కథలోకి జొరబడితే మాత్రం భయమేస్తుంది. రాత్రి చదువుకుంటే తెలిసిపోతుంది, ఎక్కడో ఒక పేరా మరీ నున్నగా జారిపోతుంటుంది. కొట్టేస్తాను.

తిరిగొస్తూ అలవాటు కొద్దీ ఒక టిఫిన్ డబ్బా కొన్నాను, ఆఫీసుకు పనికొస్తుందని. తూకం వేయించి స్టూలు కుర్రాడికిచ్చాను. వాడిది బీహార్ అట. తెలుగు చదవడం రాదు. పేరు కాగితం మీద రాసివ్వమన్నాడు, రాసిచ్చాను. అక్షరాలను ముగ్గులా చూసి, పైనుంచి కిందికి కాదు, తనకు వీలైన వైపు నుంచి చెక్కుతూ పోయాడు. తలకట్లు చివర్న ఒకేసారి పెట్టాడు. ఒక్క తప్పు లేదు. నా రాతకంటే కుదురుగా ఉంది.

"బాగుంది. ఎంతివ్వాలె?" అన్నాను.

"పేరుకేం లేదు సార్. సేటు జీతమిస్తాడు" అన్నాడు, తర్వాతి బిందె అందుకుంటూ.

బిల్లు చూసుకున్నాను. డబ్బా, ఆరువందల ఇరవై గ్రాములు.